ఘుబ్రా క్యాంపులో పెద్దమనిషి కుర్చీ

మా క్యాంపులో ఓట్లు చేత్తో కాదు, కాళ్ళతో వేసేవాళ్ళం. మెస్ లీడరు పదవికి పోటీపడే ఇద్దరూ ఇసుకలో కాస్త ఎడంగా నిలుచుంటారు. ఎవరికి ఎవరు కావాలో వాళ్ళ వెనక వెళ్ళి వరుస కట్టాలి. ఏ వరుస పొడుగైతే ఆ మనిషే ఆ ఏడాదికి బియ్యం, పప్పు, వంటవాడు, శుక్రవారం రూవీ బజారుకు పోయే లారీ, అన్నీ చూసుకుంటాడు. రహస్యం ఏమీ ఉండదు. ఎవడు ఎవడి వెనక నిలబడ్డాడో అందరికీ తెలుస్తుంది, ఏడాది పొడుగునా గుర్తుంటుంది కూడా.

ఇది మస్కట్ దగ్గర ఘుబ్రాలో, డెబ్బైల నడిమి సంవత్సరాల మాట. ఇప్పుడక్కడ బడులూ మేడలూ ఉన్నాయంటారు. అప్పుడు మా చెక్క గదులు, నీళ్ళ ట్యాంకరు వచ్చిపోయే దారి, ఒకవైపు సముద్రం హోరు, మరోవైపు చెట్టన్నది లేని కొండలు. క్యాంపులోని తెలుగువాళ్ళు దాదాపు అంతా కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వచ్చిన కూలీలు, మేస్త్రీలు. నేను టైం కీపర్ని. పొద్దున్నే లారీ దగ్గర నిలబడి ఎవరు డ్యూటీకి ఎక్కారో రాసుకోవడం నా పని. అందుకని కూలీలు నన్ను ఆఫీసు మనిషి అనుకునేవారు. ఆఫీసులో ఉన్న మలయాళీలూ బొంబాయి వాళ్ళూ నన్ను కూలీల మనిషి అనుకునేవారు. సామాన్ల గదిలో సగం అడ్డం కట్టి నాకిచ్చారు. సిమెంటు బస్తాల వాసన, నేను. పళ్ళెంలో అన్నం తెచ్చుకుని గోడ వైపు చూస్తూ తినేవాణ్ణి. మాట్లాడేవాడు లేక కొన్ని రోజులు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

ఆ ఏకాంతంలో నాకున్నదల్లా శుక్రవారం. ఆ రోజు సెలవు. భోజనాలయ్యాక మెస్ ముందు రేకుల నీడలో పంచాయితీ జరిగేది. తగువులు ముదీర్ చెవిన పడితే ఆయన ఎవరి తప్పో విచారించడు, ఇద్దరినీ విమానం ఎక్కిస్తాడు. మేనేజర్ని అక్కడ ముదీర్ అంటారు. ఆ భయంతోనే మనవాళ్ళు తమలో ఒకణ్ణి పెద్దమనిషిగా కూర్చోబెట్టుకుని, ఆయన చెప్పిందానికి కట్టుబడేవారు. నేను దిగిన కొత్తలోనే ఆ కుర్చీ నాకు దక్కింది. ఊళ్ళో వకీలు దగ్గర గుమాస్తాగా చేసినవాణ్ణి కాబట్టి నాకు న్యాయం తెలుసని వాళ్ళ నమ్మకం. అందరూ నన్ను మున్షీ సాబ్ అనేవారు. పంచాయితీ అయ్యాక కూడా ఇద్దరు ముగ్గురు నా గదికి వచ్చి గుమ్మంలో కూర్చుని పిచ్చాపాటీ మాట్లాడేవారు. నిజం చెప్పాలంటే నాకు తీర్పులకన్నా ఆ గుమ్మంలో కూర్చునే మనుషులే కావలసింది.

ఇక్కడ మా వకీలు సంగతి చెప్పాలి. బీడీలు చుట్టే ఆడవాళ్ళ కేసులు మీదేసుకుని, మిగతా వకీళ్ళ చేత పిచ్చివాడనిపించుకున్న మనిషి ఆయన. డెబ్బై మూడులో ఒకరోజు పేపరు నా బల్ల మీద పడేసి నిలబడ్డారు. అంతకు ముందు ఎన్నికల్లో ప్రభుత్వం బ్రహ్మాండంగా గెలిచింది. గెలిచినవాళ్ళు రాజ్యాంగాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చా అని ఢిల్లీలో సుప్రీంకోర్టు ముందు పెద్ద కేసు నడిచింది. మార్చుకోండి, కానీ దాని మూలాన్ని తాకే వీల్లేదని ఎక్కువమంది జడ్జిలు తేల్చారు. వెంటనే ప్రధాన న్యాయమూర్తి పదవికి వరుసలో ముందున్న ముగ్గురిని దాటేసి, వాళ్ళ వెనకనున్న ఆయన్ని ప్రభుత్వం కూర్చోబెట్టింది. దాటేసిన ముగ్గురూ ప్రభుత్వానికి ఎదురు తీర్పు చెప్పినవాళ్ళే.

"వరుస తప్పించిండ్రు," అన్నారు మా వకీలు. "ఇగ చూడు. రేపటిసంది తీర్పు రాసే జడ్జి, ఎలక్షన్ల ఎవడు గెలిచిండో చూసుకున్నంకనే కలం పట్టుకుంటడు."

నాకు ఆ రోజు మర్నాటి వాయిదాల బెంగ తప్ప మరో ఆలోచన లేదు. సరే సార్ అని పేపరు మడిచి పక్కన పెట్టాను.

ఎమర్జెన్సీ వచ్చాక ఆయన్ని పట్టుకుపోయారు. ఎందుకో చెప్పలేదు. ఆఫీసుకు తాళం పడింది. కోర్టు ఆవరణలో నన్ను చూస్తే తోటి గుమాస్తాలు పక్కకు తప్పుకునేవారు. నా వల్ల వాళ్ళకేదో అంటుకుంటుందన్నట్టు చూసేవారు, ఒళ్ళు మండిపోయేది. చుట్టం ఒకడు పట్టుబట్టి వీసా తెప్పిస్తే మస్కట్ వచ్చి పడ్డాను. జైలుకు వెళ్ళి చూద్దామంటే చూడనివ్వలేదు. ఆయనకు చెప్పకుండానే విమానం ఎక్కాను.

అయినా నాకు ధైర్యమే. పైన పెద్ద కోర్టు ఉందిగా అనుకునేవాణ్ణి. అక్కడి జడ్జిలు వాళ్ళ కుర్చీకి విలువిస్తారని గుమాస్తా బుర్రతో గట్టిగా నమ్మాను. డెబ్బై ఆరు వేసవి మొదట్లో ఒక సాయంత్రం, లండన్ నుంచి వచ్చే హిందీ వార్తల్లో ఆ తీర్పు విన్నాను. ఎమర్జెన్సీ ఉన్నంతకాలం, నన్నెందుకు పట్టుకున్నారని కోర్టును అడిగే హక్కు జైల్లో ఉన్నవాడికి లేదు. ఒక్క న్యాయమూర్తి మాత్రం కాదన్నాడు. మిగతావాళ్ళంతా అవునన్నారు. ట్రాన్సిస్టర్ కట్టేశాను.

క్యాంపులో ఈ సంగతి పట్టించుకున్నవాడు ఇంకెవడూ లేడు. ఒక్క వెల్డరు మాత్రం, జగిత్యాల వైపు నుంచి వచ్చినవాడు, నా ముఖం చూసి లోపలికొచ్చాడు. అంతా విన్నాడు.

"పెద్ద కోర్టే గట్లన్నంక ఇగ ఎవలకు చెప్పుకోవాలె మున్షీ సాబ్?" అన్నాడు. తర్వాత మెస్‌కు వెళ్ళి తన పళ్ళెం, నా పళ్ళెం రెండూ పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుని తిన్నాడు. ఆ రోజు నుంచి రోజూ వచ్చేవాడు. నేను గోడను చూస్తూ తినడం మానేశాను.

ఆ వెల్డరుకే, ఆ చలికాలం మొదట్లో, అన్యాయం జరిగింది.

మనవాళ్ళలో చాలామందికి ఉత్తరం రాయడం రాదు. క్యాసెట్‌లో మాట్లాడి, సెలవుమీద ఊరికి పోయేవాడి చేతికిచ్చి పంపేవారు. తీసుకుపోయేవాడు దాన్ని ఎవరికివ్వాలో వాళ్ళ చేతిలోనే పెట్టాలి, అది కట్టుబాటు. వెల్డరుకు కొత్తగా పెళ్ళయింది. భార్యకు మాట్లాడి పంపిన క్యాసెట్‌ను, మా క్యాంపులోనే ఉన్న వాళ్ళ పక్క ఊరి పెయింటరు సెలవుమీద పోతూ తీసుకుపోయాడు. బొంబాయి కస్టమ్స్ వాళ్ళు సామానంతా కెలికారట, ఎండలో పెట్టారట. క్యాసెట్ చెడిపోయిందేమోనని పెయింటరుకు అనుమానం వచ్చింది. చెడిపోయింది ఇస్తే మాట పడాలి కదా అని, పరీక్షిద్దామనుకున్నాడు. వెల్డరు ఊరి బస్టాండులో దిగాడు, అక్కడ టేప్ రికార్డర్ ఉన్నది ఒక్క చాయ్ హోటల్లోనే. అక్కడ పెట్టి, నొక్కి, దోస్తులు పలకరిస్తే బయటికి పోయి ముచ్చట్లలో పడ్డాడు. భర్త భార్యతో మాత్రమే చెప్పుకునే మాటలన్నీ హోటల్ నిండా ఉన్న మగవాళ్ళు చాయ్ తాగుతూ విన్నారు.

ఆ తర్వాత ఆమె ఆ హోటల్ ముందునుంచి నడిస్తే చాలు, ఎవడో ఒకడు ఆ మాటల్లో ఒకటి అనేవాడు. నాలుగు రోజులు ఓర్చుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళో మళ్ళీ అడుగుపెట్టనంది. ఈ కబురు ఇక్కడికి చేరాక వెల్డరు అన్నం ముట్టలేదు.

పంచాయితీలో, సెలవు నుంచి తిరిగొచ్చిన పెయింటరు తల వంచుకుని అన్నీ ఒప్పుకున్నాడు. చెడ్డవాడేం కాదు. నేను తీర్పు చెప్పాను. తప్పు నాది, ఆమెకేం సంబంధం లేదు, ఆమెను ఎవరన్నా ఒక మాటన్నా నన్ను అన్నట్టే అని పెయింటరు తన గొంతుతో క్యాసెట్ నింపాలి. దాన్ని అంగడి రోజున అదే హోటల్లో, అంతే గట్టిగా పెట్టించాలి. అందరూ సరేనన్నారు. నా జీవితంలో నేను చెప్పిన మంచి మాట ఏదన్నా ఉందంటే అదే.

పెయింటరు బావ మాత్రం సరేననలేదు. ఆయన లారీ డ్రైవరు, క్యాంపులో పలుకుబడి గలవాడు. "మా బామ్మర్ది గొంతు హోటల్ల పెట్టి మా ఇజ్జత్ తీస్తవా?" అని నామీద కళ్ళెర్రజేశాడు. క్యాసెట్ నింపడం ఇవాళ రేపు అంటూ సాగింది. ఇంతలో మెస్ ఎన్నిక వచ్చింది. డ్రైవరు నిలబడ్డాడు. వాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే క్యాంపులో ఎక్కువ. పైగా బజారుకు పోయే లారీ ఆయన చేతిలో ఉంది. ఆయన వెనక వరుస నీళ్ళ ట్యాంకు దాకా పోయింది.

తర్వాతి శుక్రవారం నేను వెళ్ళేసరికి కుర్చీలో సెంట్రింగ్ మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. క్యాంపుకు మొదట వచ్చినవాళ్ళలో ఒకడు, పెద్దవాడు, డ్రైవరు మాట జవదాటడు. డ్రైవరు మనిషిని మార్చేశాడని నాకెవరూ చెప్పలేదు. నిలబడి చూశాను, ఎవరూ నావైపు చూడలేదు. మేస్త్రీ చేసిన మొదటి పని క్యాసెట్ సంగతి తెమల్చడం.

"తెల్వక చేసిండు. గిదో పెద్ద పంచాయితా? క్యాసెట్టు లేదు, గిసెట్టు లేదు. పోండి," అన్నాడు.

ఆ రోజుల్లోనే రేడియోలో ఇంకో వార్త వచ్చింది. అప్పుడు కాదన్న ఆ ఒక్క న్యాయమూర్తి, ఇప్పుడు వరుస ప్రకారం ప్రధాన న్యాయమూర్తి కావలసినవాడు. ఆయన్ని దాటేసి ఆయన వెనకవాణ్ణి పెట్టారు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఢిల్లీని, ఘుబ్రాను ఒక్కడే నడుపుతున్నాడా అనిపించింది. నా గుమ్మంలో కూర్చోవడానికి మనుషులు రావడం మానేశారు. డ్రైవరుకు కోపం వస్తే లారీలో చోటుండదు. ఒక్క వెల్డరే పళ్ళెం పట్టుకుని వచ్చేవాడు.

డెబ్బై ఏడు మార్చిలో దేశంలో ఎన్నికలు జరిగాయి. మాకక్కడ ఓటు లేదు, చెవులే ఉన్నాయి. ప్రభుత్వం పడిపోయింది. అప్పటికే జైళ్ళ తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి, ఆ వరసలోనే మా వకీలు ఇంటికొచ్చారు. కబురు తెలిసిన రోజు వెల్డరు నన్ను పట్టుకుని గిరగిరా తిప్పాడు. కానీ నా మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. ఆయన్ని విడిపించింది కోర్టు కాదు, ఓటు. ఓటు ఇంకోలా పడి ఉంటే ఆయన ఇంకా లోపలే ఉండేవారు.

ఏడాది తిరిగింది. మళ్ళీ చలికాలం, మళ్ళీ మెస్ ఎన్నిక దగ్గరపడింది. ఢిల్లీలో కూడా ప్రధాన న్యాయమూర్తి దిగిపోయే సమయం వచ్చింది. ఈసారి వరుసలో ముందున్నది, ఆనాడు జైల్లో ఉన్నవాడికి అడిగే హక్కు లేదన్న జడ్జిలలో ఒకరు. ఆయన్ని దాటేయాలని కొందరు పెద్ద వకీళ్ళు పట్టుబడుతున్నారని వార్తలు. నాకు సంబరంగా ఉండేది. దాటెయ్యాలి, దాటేసి తీరాలి అని వెల్డరుకు రోజూ చెప్పేవాణ్ణి. ఊరికి పోయేవాడొకడు దొరికితే, మా వకీలుకు క్యాసెట్‌లో ఇదే మాట అరిచినంత పనిచేసి పంపాను.

ఈలోగా డ్రైవరు ఓడిపోయాడు. బియ్యంలో పురుగులు, లారీలో తన ఊరివాళ్ళకే చోటు, జనానికి విసుగెత్తింది. గెలిచిన కొత్త లీడరు ఒక ఎలక్ట్రీషియన్. వెల్డరును వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు.

"అచ్చే శుక్రవారం నువ్వే కూసోవాలె మున్షీ సాబ్. మేస్త్రీని లేపుతున్నం. కూసున్నంక మొదలు గా క్యాసెట్టు తీర్పే మళ్ళ చెప్పాలె."

వెల్డరు నావైపే చూస్తున్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. వాళ్ళ వెనక గుమ్మంలో ఏడాదిగా నా ముఖం చూడనివాళ్ళు నిలబడి నవ్వుతున్నారు. వచ్చి కూర్చోండని నేనే పిలిచాను. ఆ సాయంత్రం నా గదిలో చోటు చాల్లేదు.

శుక్రవారం ఇంకా రాకముందే మా వకీలు జవాబు వచ్చింది. క్యాసెట్ పెట్టాను. గొంతు బాగా సన్నబడిపోయింది, మధ్యమధ్యలో దగ్గు.

"వాండ్లు ఇచ్చిన తీర్పు తప్పు. నా ఆరోగ్యం అండ్లనే పోయింది. అయినా వరుస దాటద్దని మా బార్‌ల తీర్మానం పెట్టిన. నన్ను చూసి నవ్విండ్రు. ఇయ్యాల మనం గెలిచినమని మనం దాటితే, రేపు వాండ్లు గెలిచి వాండ్లు దాటుతరు. అప్పుడు అది కోర్టు గాదు, గెలిచినోని కుర్చీ. మనకు కావాల్సింది మన జడ్జి గాదు. జడ్జిని ఏరుడు ఒక్కని చేతిల ఉండకుండ ఒక పద్ధతి రావాలె. అది వచ్చేదాంక వరుసనన్న కాపాడుకోవాలె."

కోపంతో ఆపేశాను. జైలుకు పోయినవాడికి లేని కసి నాకెందుకని కాదు, ఆయన మాటలో తప్పు దొరకలేదని నా కోపం. మళ్ళీ పెట్టి విన్నాను. కుర్చీలో కూర్చుంటే నా గది నిండుతుంది, వెల్డరు భార్యకు న్యాయం జరుగుతుంది. వచ్చే ఏడు డ్రైవరు గెలిస్తే నేను లేస్తాను, నా తీర్పు నాతోబాటే లేస్తుంది. ఇది నాకు పట్టపగల్లా కనిపిస్తోంది, అదే నా కర్మ.

శుక్రవారం అందరి ముందూ నిలబడి చెప్పాను. మేస్త్రీ పని మానేసి ఊరికి పోయేదాకా ఆయనే కూర్చోవాలి. ఆయన పోతే, క్యాంపులో అందరికన్నా ముందు వచ్చినవాడు కూర్చోవాలి. మెస్‌లో ఎవరు గెలిచినా ఎవరు ఓడినా కుర్చీ జోలికి పోకూడదు. కొత్త లీడరు విసురుగా లేచి నిలబడ్డాడు. డ్రైవరు వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు, వాళ్ళకు లాభం కాబట్టి. గొణుక్కుంటూ మిగతావాళ్ళూ ఒప్పుకున్నారు. మేస్త్రీ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

వెంటనే నేను వెల్డరు తరఫున నిలబడ్డాను. మా వకీలు వాదించేటప్పుడు పక్కన నిలబడి విన్న పద్ధతులన్నీ వాడాను. ఇప్పుడు నీ కుర్చీని ఎవరూ కదిలించలేరు, ఎవరి మొహమాటమూ నీకు లేదు, ఆ ఆడమనిషిని తలుచుకుని మళ్ళీ విచారించు అని అడిగాను. ఆయన ఒప్పుకుంటాడనే అనుకున్నాను. భయం పోతే మనిషి న్యాయం చెప్తాడని నా లెక్క.

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. ఆలోచించాడు, అది నిజం. తర్వాత అన్నాడు:

"అప్పుడు డ్రైవర్ చెప్తె చెప్పిన అనుకుంటున్నవ్ నువ్వు. నాకు గట్లనే అనిపించింది, ఇప్పుడు గూడ గంతే. మొగోని గొంతు హోటల్ల పెట్టుడు మంచిది గాదు. ఉన్నకాడికి ఊకో."

అంతే. సభ లేచింది.

వెల్డరు నా దగ్గరికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"మీ వకీల్ సాబ్ పెద్దమనిషి. జైల్ల కూసున్నడు, అన్నీ తెలుసు. గని మున్షీ సాబ్, ఆయన పెండ్లాం చాయ్ హోటల్ ముందటికెల్లి నడవలే గదా," అన్నాడు.

ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను, దానికి జవాబు ఇంకా దొరకలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఢిల్లీలోనూ వరుస ప్రకారమే కూర్చోబెట్టారని రేడియో చెప్పింది. చెప్పడానికి ఎవరున్నారు, ఒక్కణ్ణే విన్నాను. క్యాంపులో మా కట్టుబాటు నేనున్నంతకాలం నిలిచింది. లీడర్లు మారారు, కుర్చీని ఎవరూ ముట్టుకోలేదు. మేస్త్రీ చెప్పిన తీర్పుల్లో మంచివి కూడా చాలా ఉన్నాయి, కాదనను. నేను చేసింది తప్పని ఇవాళ్టికీ అనను.

వెల్డరు మాత్రం మళ్ళీ నా గదికి రాలేదు. మెస్‌లో తనవాళ్ళ మధ్య కూర్చుని తినేవాడు. నేను ఎదురైతే తలూపి పక్కకు పోయేవాడు. అతని భార్య ఆ ఊరికి తిరిగొచ్చిందో లేదో నాకు తెలియదు. అడిగే ముఖం నాకు లేకపోయింది.